పోరగాండ్ల దిబ్బ

మూడో రోజు కూడా బక్కమ్మ పొద్దున్నే పోయి రాళ్లు మోసుకొచ్చింది.

ఈసారి నాలుగు. గంపలో మూడు, చంకలో ఒకటి. డెబ్భై దాటిన మనిషి, నడుము సగం వంగిన మనిషి, ఇస్నాపూర్ బజారు పొడుగునా ఆ గంప నెత్తిన పెట్టుకుని నడిచొచ్చింది. డ్యూటీకి పోయేవాళ్లు ఆగి మరీ చూశారు. ఆమె మాత్రం ఎవరి ముఖమూ చూడలేదు. వాకిట్లో గంప దించి, ఒక్కో రాయినీ పసిపిల్లను పక్కమీద వేసినంత జాగ్రత్తగా గోడవారన పెట్టింది.

దాంతో వాకిట్లో రాళ్లు పద్దెనిమిదయ్యాయి.

అన్నిటికీ తెల్ల సున్నం. అన్నిటి మీదా ఎర్ర రంగు అంకెలు. ఏడు, పన్నెండు, ముప్ఫై ఒకటి. ఆ అంకెలు వేసింది మనవరాలు ప్రియాంకే. తొమ్మిది అంకెకు తోక మెలితిప్పి రాయడం ఆమె అలవాటు. నాలుగు రోజుల కింద ఆ మెలికను చూసుకుని తెగ మురిసిపోయింది. ఇప్పుడది కంటపడితే చాలు, ముఖం తిప్పుకుంటోంది.

బక్కమ్మ కొడుకు శ్రీశైలం నైట్ డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. బండి లోపలికి తోయబోతే ముందు చక్రం ఒక రాయికి తగిలింది. చూసుకోకుండా అడుగేస్తే బొటనవేలు ఇంకో రాయికి తగిలింది. ఇక అందుకున్నాడు.

"అవ్వా! ఇది ఇల్లా, బొందలగడ్డనా?"

"బొందలగడ్డను తోట జేసినోళ్లను ఏమనవు. ఇంటిని బొందలగడ్డ జేస్తె నా మీద లేస్తున్నవా?"

గుమ్మంలో నిలబడ్డ ప్రియాంక తల దించుకుంది.

"కిరాయోళ్లు పరేషాన్ అయితున్నరే. వెనక రూముల ఒడిశా పోరగాండ్లు రాత్రంత నిద్రపోలేదట. పసిపిల్ల ఏడ్చినట్టు వినొస్తుందట. నెల కాంగనె ఖాళీ జేస్తమంటున్నరు."

"పిల్లి అరిసిందేమో."

"పిల్లో, పిల్లనో, నాకెర్క లేదు. పొద్దుమీకే సరికి ఈ రాళ్లు వాపస్ పోవాలె. లేకుంటె ట్రాక్టర్ల ఎత్తి చెరువుల పారేస్త."

"పారెయ్యి," అంది బక్కమ్మ. "నీ కొడుకు మీది రాయి గూడ గిట్లనే పోయింది."

'నీ కొడుకు' అన్న ఆ మాటను పదిహేడేళ్లు ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు. మొన్న గురువారం మొదటిసారి ఆమె నోట వచ్చింది. వచ్చింది కదా, ఇక ఆగడం లేదు. పొద్దునొకసారి, మాపునొకసారి ఎవరో ఒకరి నెత్తిన పడుతూనే ఉంది. శ్రీశైలం హెల్మెట్ తీసి అరుగు మీద పెట్టి, కాలి నెత్తురైనా కడుక్కోకుండా లోపలికి పోయి పడుకున్నాడు. తింటావా అని ఎవరూ అడగలేదు.

ప్రియాంకకు ఒక అన్న ఉండేవాడు. పందొమ్మిది రోజులు. ఇరవై ఒకటో నాడు తొట్టెలలో వేసి పేరు పెట్టాల్సింది. రెండు రోజుల ముందు జ్వరమొచ్చి పోయాడు. పేరు పెట్టకుండానే పోయాడు గనుక మనసులో తలుచుకోవాలన్నా ఏమని తలుచుకోవాలో ఆమెకు తెలియడం లేదు. గురువారం నుంచి జ్వరమని చెప్పి బడి మానేసింది. అబద్ధానికి కూడా ఆ మాటే దొరికిందే అని ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

"గొంతెండుకపోతుంది. నీళ్లు తే బిడ్డా," అంది బక్కమ్మ, రాళ్ల మధ్యలో కూలబడి.

ప్రియాంక వంటింట్లోకి పోయింది. తల్లి సునంద పొద్దున ఆరింటికే మందుల కంపెనీలో ప్యాకింగ్ డ్యూటీకి పోయింది. ఈ మూడు రోజులూ ఆమె వాకిట్లోకి అడుగు పెట్టలేదు. పోవడం వెనక తలుపునే, రావడం వెనక తలుపునే. వండుతోంది, పెడుతోంది, గిన్నెలు తోముతోంది. మాట మాత్రం లేదు. అరిచినా బాగుండునని ప్రియాంకకు అనిపిస్తోంది.

నీళ్ల బిందె మూలన నేల మీదికి దిగి ఉంది. ఇనప స్టాండు కాలు విరిగిందని ఈ మధ్యే సునంద దాన్ని కిందికి దించి, అడుగున తడిగోనె చుట్టి పెట్టింది. గోనె మీద ఎప్పుడూ చెమ్మే. ప్రియాంక చెంబు ముంచుకుని తెచ్చి ఇచ్చింది. బక్కమ్మ గటగటా తాగి, మిగిలిన గుక్కెడు నీళ్లూ పక్కనున్న పన్నెండో నంబరు రాయి మీద పోసింది.

"మనది గాదు. ఎవరిదో. దూపైతుంటది," అంది.

అసలు ఇదంతా ఎక్కడ మొదలైందంటే ఒక మాట దగ్గర. పదో తరగతి పిల్లలు ఊళ్లో ఒక ఖాళీ జాగను తీసుకుని చెట్లు పెంచాలని బడిలో చెప్పారు. కంపెనీ గోడ వెనకాల తుప్పలు పెరిగి పడి ఉన్న ఎకరం జాగ ప్రియాంకకు గుర్తొచ్చింది. పోరగాండ్ల దిబ్బ. పుట్టినప్పటి నుంచి వింటున్న పేరే. అటు పోవద్దు, పురుగూ పుట్రా ఉంటాయని చెప్పేవాళ్లే తప్ప, ఆ పేరెందుకొచ్చిందో చెప్పినవాళ్లు లేరు. చెప్పరు. పక్క నుంచి పోయేటప్పుడు ఆడవాళ్లు కొంగు సర్దుకుని జల్దీ జల్దీ నడుస్తారు, అంతే. పిల్లది ఏమనుకుంటుంది పాపం? పోరగాండ్లు ఆడుకున్న దిబ్బ అనుకుంది. దరఖాస్తులో అదే రాసింది: 'పూర్వం మా ఊరి పిల్లలు ఆటలాడుకున్న స్థలం.' సైన్సు చెప్పే నరసరాజు సారు మెచ్చుకుని, పేరొక్కటే మొరటుగా ఉందని దిద్దారు. పిల్లల వనం. ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల అక్షరాలతో అదే రాయించారు.

ముప్ఫై మంది పిల్లలు. ఒక్క ఆదివారం. తుప్పలు కొట్టారు, నేల చదును చేశారు. చెదురుమదురుగా పడి ఉన్న రాళ్లన్నీ ఏరి ఒకచోట కుప్ప పోశారు. ఇన్ని రాళ్లు ఎవరు తెచ్చి పడేశారో అని నవ్వుకున్నారు కూడా. తర్వాతి రెండు సాయంత్రాలు వాటికి సున్నం కొట్టి, అంకెలేసి, నడిచే బాటకు రెండు పక్కలా పేర్చారు.

బక్కమ్మ ఆ రోజుల్లో ఊళ్లో లేదు. సదాశివపేటలో బిడ్డ ఇంటికి పోయి బుధవారం తిరిగొచ్చింది. గురువారం పొద్దున అటు పోయి చూసింది.

పది దాటాక వాకిలి ముందు స్కూటరు ఆగింది. నరసరాజు సారు. వెనక భవ్యశ్రీ, ప్రియాంక క్లాస్‌మేటు. సున్నం, రంగులు వాళ్ల నాన్న దుకాణం నుంచే వచ్చాయి.

సారు రాళ్లను చూసి ముఖం చిట్లించుకుని, సర్దుకున్నారు.

"బక్కమ్మగారూ, మీరు పెద్దవారు. పిల్లలు ఎంతో కష్టపడి పేర్చుకున్నారమ్మా వీటిని. రేపు పొద్దున ఏడింటికి జేసీబీ వస్తుంది. సరిగ్గా నడిమధ్యలో ఇంకుడు గుంట తవ్వుతారు. పదింటికి దీనికి ఖర్చు పెడుతున్న కంపెనీ పెద్దలొస్తారు. బాటకు ఒక పక్క రాళ్లే లేకపోతే ఎలా చెప్పండి?"

"సారూ, ఆ జాగ పేరేందో మీకు తెల్సా?"

"పిల్లల వనం."

"గది మీరు పెట్టింది. దాని పేరు."

"పోరగాళ్ల దిబ్బ. పిల్లలు ఆడుకునేవారట కదా? మీ ప్రియాంకే రాసింది."

బక్కమ్మ మనవరాలి వైపు ఒకసారి చూసింది. కోపంగా కాదు. అదే ప్రియాంక తట్టుకోలేకపోయింది.

"ఆడుకునుడు గాదు సారూ, పండుకునుడు. తొట్టెలెక్కక ముందు పోయినోళ్లను మేము కాలబెట్టం. గాడ పండబెడ్తం. నా మనుమన్ని గూడ గాడనే పండబెట్టినం. తెల్వనీకె మీద ఒక రాయి పెడ్తం. పేరుండదు గద సారూ, రాయే పేరు."

నరసరాజు సారు చుట్టూ చూసుకున్నారు. తర్వాత నిలబడ్డచోటే చెప్పులు విడిచారు. భవ్యశ్రీ కూడా విడిచింది.

"నాకెవరూ చెప్పలేదమ్మా," అన్నారు.

"మీరెవర్నడిగిన్రు?"

ఆయన అరుగు అంచున కూర్చున్నారు. అక్కడి నుంచే అన్నారు:

"ఆపమని అడుగుతాను. ఈ పూటే పోయి అడుగుతాను. మొత్తం ఆపుతారని మాత్రం నమ్మకం లేదు. మిషను మాట్లాడేశారు, పిలుపులు అయిపోయాయి. ఫలానా చోట తవ్వకండి అని వేలు పెట్టి చూపిస్తే, గుంట పక్కకు జరుపుతారు. మీవాడు ఎక్కడున్నాడో చూపించగలరా?"

బక్కమ్మ రెండు చేతులూ గాలిలోకి ఎత్తి వదిలేసింది.

"ఏం సూపియ్యాలె? నాకు రెండే గుర్తులు. తంగేడు చెట్టు, దాని కింద మా రాయి. మా అత్త ఇసిరిన ఇసుర్రాయి, సగం పలిగింది. నడుమ బొక్క గూడ సగమే ఉంటది. చెట్టు లేదు. రాయి లేదు. నేలంత ఒక్క తీర్గ జేసిన్రు. మూడు దినాల సంది ఎతుకుతున్న. పద్దెనిమిది తెచ్చిన, అండ్ల లేదు. అక్కడున్నవన్ని తిరగేసి సూసిన, అండ్ల లేదు."

సారు రేపు ఏడింటిలోపు ఏ సంగతో చెప్పమని వెళ్లిపోయారు. తర్వాత వస్తానని భవ్యశ్రీ ఆగిపోయింది.

ప్రియాంకకు ఒకటి మనసులో తొలుస్తోంది. సగం విసుర్రాయికి అంకె వేసిన గుర్తు ఆమెకు లేదు. ఒక్కో రాయినీ ఒళ్లో పెట్టుకుని మరీ రాసింది, అలాంటిదుంటే మరిచిపోతుందా? పైగా కుప్ప పోసిన రోజు లెక్కపెడితే నలభై రెండు. రంగు వేసేటప్పుడు నలభై ఒకటి. లెక్క తప్పాననుకుని ఊరుకుంది.

"భవ్యా, ఆదివారం ఫొటోలున్నయా?"

"ముందు ఎట్లుండె, తర్వాత ఎట్లైంది అని సారు తియ్యమన్నడు గదా. అన్నీ ఉన్నయ్."

ఇద్దరూ మెట్టు మీద కూర్చుని ఫోను మీదికి వంగారు. మొదటి ఫొటోలోనే ఉంది. పూత మీదున్న తంగేడు చెట్టు, పచ్చగా, ఒంటరిగా. దాని కింద నల్లటి సగం రాయి, నడుమ సగం బొక్క. ఆ చెట్టును ప్రియాంక తన చేత్తోనే నరికింది. అంత నిండుగా పూసిందే అని మనసొప్పక, పూలన్నీ దూసి, బతుకమ్మకు పనికొస్తాయని చున్నీలో మూటగట్టి ఇంటికి తెచ్చింది కూడా.

రెండో ఫొటోలో రాళ్ల కుప్ప. పైన సగం రాయి. మూడో ఫొటో సాయంత్రానిది. అప్పటికి ప్రియాంక ఇంటికొచ్చేసింది. కుప్ప ఉంది. సగం రాయి లేదు. దూరంగా బాట మీద ఎవరో ఆడమనిషి వీపు. నీలం రంగు కంపెనీ ఆప్రాన్, చంకలో గోనె మూట.

"ఎవరీమె?" అంది భవ్యశ్రీ, వేళ్లతో ఫొటో పెద్దది చేస్తూ.

ఎడమ భుజం కిందికి జారి ఉంది. పదిహేనేళ్లు పెట్టెలు ఎత్తీ ఎత్తీ జారిన భుజం. ఈ మూడు రోజులూ వెనక తలుపు లోంచి పోతున్న భుజం.

"ఎవరో. డ్యూటీ దిగి పోతున్నట్టుంది," అంది ప్రియాంక. ఫొటో పక్కకు జరిపేసింది.

సునంద మధ్యాహ్నం మూడింటికి వెనక తలుపు తోసుకుని వచ్చింది. టిఫిన్ డబ్బా సింకులో పెట్టి నల్లా తిప్పింది. ప్రియాంక వంటింటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"అమ్మా."

నీళ్ల చప్పుడు.

"ఆదివారం నువ్వు దిబ్బకాడికి వచ్చినవా?"

సునంద చేతులు ఆగిపోయాయి. నల్లా మాత్రం కట్టలేదు.

"ఎవరు జెప్పిన్రు?"

"ఫొటోల ఉన్నవ్."

"ముఖం కనవడ్డదా?"

"లే. ఈపు."

"ఈపుతోని గుర్తువట్టినవా?" సునంద నల్లా కట్టేసింది. "మంచిగనే గుర్తువడ్తవ్. మరి గుర్తువట్టాల్సినప్పుడు ఏమైంది బిడ్డా?"

ప్రియాంకకు ఏడుపు తన్నుకొచ్చింది. "నాకు తెల్వదమ్మా. ఎవరూ జెప్పలే నాకు."

"నాకు గూడ ఎవరూ జెప్పలే," అంది సునంద.

గడప దగ్గర అలికిడైంది. బక్కమ్మ. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. గోడ పట్టుకుని, కోడలి వైపే చూస్తోంది.

"సునందా, రాయి నీకాడున్నదా?"

సునంద మూలకు పోయి, రెండు చేతులా నీళ్ల బిందె ఎత్తి పక్కన పెట్టింది. తడిగోనె మడతలు ఒక్కొక్కటే విప్పింది. లోపల నల్లగా, నిగనిగలాడుతూ, సగం బొక్కలో నీళ్లు నిలిచి, సగం విసుర్రాయి.

"అయ్యో! అయ్యో! ఏం పని జేసినవే!" బక్కమ్మ నోటి మీద కొంగు పెట్టుకుంది. "బొంద మీది రాయి తాగే నీళ్ల కిందనా? అంటూ ముట్టూ ఏమన్న ఉన్నదా నీకు? మూడు దినాల సంది ఊరంత ఎతుకుతున్న నేను, నీ కండ్లముంగట ఎతుకుతున్న, ఒక్క మాట జెప్పవా?"

"నువ్వు పదిహేడేండ్లు జెప్పలేదత్తా. నేను ఆరు దినాలు జెప్పలే."

బక్కమ్మ గోడను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"యాడ పెట్టినమో కన్నతల్లికి జెప్పొద్దంటరే. జెప్తె ఇంకో కడుపు నిల్వదంటరు. నీ కడుపు నిల్వాలెనని జెప్పలే. నాకేమన్న పగనా?"

"నిలిచింది గద," సునంద ప్రియాంకను చూపించింది. "ఇగో, నిలిచిన బిడ్డనే గడ్డపార వట్టుకోని పోయి తవ్వొచ్చింది."

ఆ మాట ప్రియాంక ముఖం మీద చెంపదెబ్బలా పడింది. సునందకు కూడా తగిలినట్టుంది, వెంటనే కూతురి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. కానీ అన్నది వెనక్కి తీసుకోలేదు.

"ఎట్ల తెల్సింది నీకు?" అంది బక్కమ్మ. "నేను జెప్పలే. మీ మామ జెప్పలే. శ్రీశైలానికే తెల్వదు."

"నువ్వే జెప్పినవ్. ఏడాదికొక్కపారి జెప్పినవ్. బతుకమ్మకు ఊరంత తిరిగి తంగేడు తెస్తవ్. ఏ చెట్టునూ ఇడ్వవు. దిబ్బ మీద ఆ ఒక్క చెట్టు పువ్వు మాత్రం ముట్టవు. వేరేటోళ్లు తెంపబోతె లొల్లి వెట్టుకుంటవ్. అన్ని చెట్లు దులిపినంక గూడ అదొక్కటి పచ్చగ నిలవడి ఉంటది. రెండేండ్లు సూసినంక నాకు సమజ్ కాదా? అప్పటి సంది డ్యూటీకి ఆ బాట పట్టుకునే పోతున్న. చుట్టైనా సరే."

బక్కమ్మ గడప మీద కూర్చుండిపోయింది.

"ఆదివారం డ్యూటీ దిగి ఇంటికొస్తె," సునంద రాయి దగ్గర చతికిలబడి చెప్పుకుపోయింది, "మూటెడు పువ్వు పోసి ఉంది వాకిట్ల. యాడిదే అంటె దిబ్బ మీదిదమ్మా అన్నది. నవ్వుకుంట అన్నది. ఆప్రాన్ తియ్యకుంట ఉరికిన. అప్పటికే కుప్పవోసిన్రు. అండ్ల ఇది కనవడ్డది. ఏం జెయ్యాలె? సంకల వెట్టుకున్న. గింత బరువు లేకుండె వాడు, ఎత్తుకున్నప్పుడు."

కంపెనీ వైపు నుంచి మధ్యాహ్నపు ఘాటు వాసన కిటికీ లోంచి లోపలికొచ్చింది. రోజూ ముక్కు మూసుకుని కిటికీ వేసే సునంద ఇవాళ వెయ్యలేదు.

"మంచం కింద వెడ్దమనుకున్న. పెట్టబుద్ధి గాలే. జ్వరంతోని పోయిండు గదత్తా. ఒళ్లు కాలిపోతుండె. నీళ్ల బిందె కింద పెడ్తె చల్లగ ఉంటదని."

బక్కమ్మ గడప మీద నుంచి లేవలేదు. కూర్చున్నదల్లా చేతుల మీద పాకుతూ వచ్చి ఆ రాయి మీద అరచెయ్యి ఆనించింది. అంటూ ముట్టూ అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

"చల్లగనే ఉన్నడు," అంది.

నడవాలో శ్రీశైలం నిలబడి ఉన్నాడు. నిద్ర నుంచి ఎప్పుడు లేచాడో. ఆరడుగుల మనిషి తలుపు చాటున చిన్నపిల్లాడిలా నిలబడి, "నాకు గూడ జెప్పలే ఎవరూ," అని ఒక్క మాట అన్నాడు. ఎవరి మీదా కోపంతో కాదు. వాకిట్లోకి పోయి, పొద్దున తన కాలికి తగిలి ఒరిగిన రాయిని నిటారుగా నిలబెట్టి, దాని మీది నెత్తుటి మరకను లుంగీ అంచుతో తుడిచాడు.

మొదట తేరుకున్నది ప్రియాంకే. రాయి దొరికింది. జాగ దొరకలేదు. రేపు ఏడింటికి మిషనొస్తుంది.

"తంగేడు చెట్టు నేనే కొట్టిన," అంది. చెప్పడానికి భయమేసింది, అయినా చెప్పింది. "కొట్టి వేరు గూడ పీకినం. వేరు తీసిన గుంత ఉంది గదా అని, మట్టి మెత్తగ ఉందని, మొదటి మొక్క అక్కడే నాటిన. కానుగ మొక్క. బోర్డు పక్కన. ఒకటో నంబరు."

సునంద కళ్లు మూసుకుంది. "ఎంత లోతు తవ్వినవ్?"

"మూరెడు."

ఇద్దరూ బక్కమ్మ వైపు చూశారు. ముసలామె తన చేతినే కొలుచుకుంటున్నట్టు మోచెయ్యి నుంచి వేలి కొసదాకా చూసుకుంది.

"మీ తాత మూడు మూరలు తీసిండు. నక్కలు తోడ్తయని," అంది. "తగల్లే. నీ చెయ్యి వాన్ని తగల్లే బిడ్డా."

ప్రియాంక అప్పుడు ఏడ్చింది. మూడు రోజుల నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, తండ్రి ఫోను తీసుకుని నరసరాజు సారుకు చేసింది.

"ఒకటో మొక్క, బోర్డు పక్కన. సరే, దాని దగ్గరికి మిషను రానివ్వను," అన్నారాయన. కంపెనీ వాళ్ల దగ్గర నుంచే మాట్లాడుతున్నట్టున్నారు, గొంతు తగ్గించారు. "మొత్తం ఆపడానికి ఒప్పుకోలేదమ్మా. గుర్తు చూపించినచోట తవ్వం అంటున్నారు. మీది చూపించావు. మిగతావి ఎక్కడెక్కడో తెలుసా?"

"తెల్వదు సార్."

"అంకెలు వేశావు కదా?"

"కుప్పవోసినంక వేసిన సార్."

ఫోను ఎప్పుడు పెట్టేశారో ఆమెకు తెలియలేదు.

పొద్దు వాలుతుండగా వాకిలి గేటు చప్పుడైంది. మూడు రోజులు బజారు పొడుగునా మోసిన రాళ్లు. ఎవరికి చేరాలో వాళ్లకు సంగతి చేరింది. ముందు ఊరి ముసలామె ఆగమ్మ వచ్చింది, చేతికర్ర పొడుచుకుంటూ. వెనక ఇందిరమ్మ. ఆ వెనక ఇంకా ఐదారుగురు ఆడవాళ్లు, ముసలివాళ్లు కొందరు, సునంద ఈడువాళ్లు కొందరు. అందరూ గేటు బయటే చెప్పులు విడిచి లోపలికొచ్చారు. కేకలు లేవు, శాపనార్థాలు లేవు. తిడితే బాగుండునని ప్రియాంక అనుకుంది. వాళ్లు తిట్టలేదు. రాళ్ల దగ్గర వంగి, ఒక్కోదాన్నీ తడిమి చూసుకుంటూ, మళ్లీ పక్కదాని దగ్గరికి జరుగుతున్నారు. సున్నం కింద ఏ రాయి ముఖమూ తెలియడం లేదు.

ఇందిరమ్మ కొంగుతో ఒక రాయి మీది సున్నాన్ని గీకి చూసింది. రాలేదు. మంచి సున్నం, రెండు పూతలు వేశారు పిల్లలు.

ఆగమ్మ నేరుగా ప్రియాంక దగ్గరికొచ్చి ఆమె గడ్డం పట్టుకుంది.

"నువ్వేనా బిడ్డా నెంబర్లేసింది? మంచి పని జేసినవ్. మాకు సదువు రాదు, ఇన్నేండ్లు ఎట్ల గుర్తువెట్టుకోవాలెనో అని రంది వడ్డం. రేపు మిషనొస్తదట గద, జెర జల్దీ సూసి చెప్పు. మాది ఏ నెంబరు?"

ప్రియాంక చేతిలో ఏ మొక్క ఎక్కడ నాటారో రాసుకున్న నోట్‌బుక్ ఉంది; ఏ రాయి ఎక్కడిదో అందులో ఒక్క ముక్కా లేదు. సారుకు ఫోను చేసినప్పటి నుంచీ అది చేతిలోనే ఉంది. వెనక సునంద వచ్చి నిలబడినట్టు తెలుస్తోంది, అయినా వెనక్కి తిరగలేదు.

"మావోళ్లు ఇద్దరు," అంది ఆగమ్మ, రెండు వేళ్లు చూపించి. "కవలలు. పక్కపక్కనే పెట్టినం, ఒకలకొకలు తోడుంటరని. పక్కపక్క నెంబర్లే అయ్యుంటయి గద బిడ్డా?"

గోడవారన వరస. ఏడు, పన్నెండు, ముప్ఫై ఒకటి. మెలితిరిగిన తోకతో పందొమ్మిది.

ప్రియాంక నోట్‌బుక్ తెరిచింది. ఆడవాళ్లందరూ తడమడం ఆపి ఆమె నోటి వైపే చూస్తున్నారు.